99 రూపాయల డొమైన్ అసలు ధర ఎంత? రిజిస్ట్రార్లు, రీసెల్లర్ల ధరల పోటీలో డొమైన్ కొనే పద్ధతి

మా పిన్ని గుంటూరులో పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. ఆర్డర్లలో సగం పైగా వెబ్‌సైట్ మీదే వస్తాయి. ఒక మే నెలలో, ఆవకాయ మంచి ఊపులో ఉన్నప్పుడు, సైట్ తెరిస్తే ఏవో ప్రకటనల పేజీ వచ్చింది. సైట్ చేసిచ్చిన కుర్రాడికి రెన్యువల్ డబ్బు ఏప్రిల్‌లోనే ఫోన్‌పే చేసింది, స్క్రీన్‌షాట్ కూడా ఉంది. నేను డొమైన్ (సైట్ పేరు) వివరాలు వెతికి చూస్తే గడువు వచ్చే ఏడాది మే అని కనిపించింది. "డబ్బు కట్టేశాడు పిన్నీ, సర్వర్‌లో ఏదో తేడా" అన్నాను. నేను చదివింది తప్పు. ఆ తప్పు వల్ల రెండు రోజులు పోయాయి.

జరిగింది ఇదీ. ఆ కుర్రాడు రీసెల్లర్, అంటే రిజిస్ట్రార్ అనే పెద్ద కంపెనీ దగ్గర డొమైన్లు కొని మనకు అమ్మేవాడు. ఆ కంపెనీ దగ్గర ముందే డబ్బు వేసి ఉంచే అతని వాలెట్‌లో బ్యాలెన్స్ అయిపోయింది, నింపడం మర్చిపోయి ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాడు. ఫోన్ కలవలేదు. పైన ఉన్న రిజిస్ట్రార్‌కి మెయిల్ పెడితే, రికార్డులో ఉన్న ఈమెయిల్ నుంచి అడగమన్నారు. ఆ ఈమెయిల్ కూడా అతనిదే. తొమ్మిదో రోజున గానీ సైట్ తిరిగి రాలేదు.

చవగ్గా కొనడాన్ని నేను తప్పు పట్టను, నేనూ ఆఫర్లలోనే కొంటాను. కానీ పిన్ని సంగతి తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఐదేళ్ళలో మొత్తం ఎంత కడతాను, నచ్చకపోతే వదిలి వెళ్ళగలనా అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరక్కుండా ఏ డొమైనూ కొనను. ఎవరికీ కొనిపెట్టను.

ముందుగా: ఎవరు ఎవరి దగ్గర కొంటున్నారు?

బియ్యం సంగతి అనుకోండి. మిల్లు ఒకటి, హోల్‌సేల్ వ్యాపారి ఒకరు, వీధి చివర కొట్టు ఒకటి. డొమైన్‌లో మిల్లు లాంటిది రిజిస్ట్రీ. డాట్ కామ్‌కి వెరిసైన్, డాట్ ఇన్‌కి నిక్సీ. రిజిస్ట్రీ మనకు నేరుగా అమ్మదు, గుర్తింపు పొందిన రిజిస్ట్రార్లకు అమ్ముతుంది. గోడాడీ, నేమ్‌చీప్, క్లౌడ్‌ఫ్లేర్ లాంటివి రిజిస్ట్రార్లు. వాళ్ళ దగ్గర ఖాతా తెరిచి మనకు అమ్మేవాళ్ళు రీసెల్లర్లు. మన ఊరి వెబ్ డిజైనర్, హోస్టింగ్ (సైట్‌ను సర్వర్‌లో ఉంచే సేవ) అమ్మే చిన్న కంపెనీ చాలావరకు ఈ మూడో వరుసలోనే ఉంటారు.

ఈ పోటీ మొదటినుంచీ లేదు. 1995 సెప్టెంబర్ నుంచి డాట్ కామ్ కావాలంటే రెండేళ్ళకు 100 డాలర్లు. అమ్మేది నెట్‌వర్క్ సొల్యూషన్స్ ఒక్కటే. 1998లో డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ అనే సంస్థ ఏర్పడింది. 1999లో ఐదు కంపెనీలను ప్రయోగంగా రిజిస్ట్రార్లుగా ఎంపిక చేశారు. అమెరికా ఆన్‌లైన్, రిజిస్టర్ డాట్ కామ్, ఆస్ట్రేలియా నుంచి మెల్‌బోర్న్ ఐటీ ఆ ఐదింటిలోవే. అక్కడినుంచి మనం కట్టే ధర పడిపోయింది. అప్పటికి ఏడాదికి 35 డాలర్లకు తగ్గి ఉన్న డొమైన్‌ను ఒకటి రెండేళ్ళలోనే పది డాలర్ల లోపు అమ్మేవాళ్ళు వచ్చారు. మన దేశంలో ఈ రీసెల్లర్ వ్యాపారాన్ని పెద్దది చేసినవాళ్ళలో ముంబైకి చెందిన తురాఖియా సోదరులు ముఖ్యులు. 1998లో డైరెక్టి పెట్టి, దాని కింద రీసెల్లర్‌క్లబ్, బిగ్‌రాక్ నడిపారు. 2014లో ఆ వ్యాపారాన్ని అమెరికాలోని ఎండ్యూరెన్స్ కంపెనీ కొన్నది.

పోటీ వచ్చింది రిజిస్ట్రార్ల మధ్య, రీసెల్లర్ల మధ్య. రిజిస్ట్రీకి మాత్రం పోటీ లేదు. డాట్ కామ్‌కి రిజిస్ట్రీ వెరిసైన్ ఒక్కటే. ఈ సంగతి గుర్తుంటే కింది లెక్క తేలిగ్గా అర్థమవుతుంది.

1. అసలు ధర కనుక్కోండి

డాట్ కామ్ హోల్‌సేల్ ధర దాచిన విషయం కాదు. 2012 నుంచి 2021 దాకా 7.85 డాలర్లు. ఆ తర్వాత ప్రతి సెప్టెంబర్‌లో పెరుగుతూ 8.39, 8.97, 9.59 అయింది. 2024 సెప్టెంబర్ 1న 10.26కి వచ్చింది. దీనికి తోడు ఐకాన్ రుసుము 2025 జూలై నుంచి 20 సెంట్లు. రెండూ కలిపి 10.46 డాలర్లు. డాలరు 88 రూపాయలనుకుంటే సుమారు 920. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 1,085 దాటుతుంది.

ఎంత పెద్ద రిజిస్ట్రార్‌కైనా వెరిసైన్ మామూలు ధర ఇదే. అందుకే 99కో 199కో డాట్ కామ్ ఇస్తున్నారంటే మిగతాది తమ జేబులోంచి పెడుతున్నారన్నమాట. అది రెండో ఏడు రెన్యువల్‌లోనో, హోస్టింగ్, ఈమెయిల్ ప్లాన్లలోనో తిరిగి రాబట్టుకుంటారు. ఇందులో దగా ఏమీ లేదు, ధర అక్కడే రాసి ఉంటుంది. కాకపోతే చిన్న అక్షరాల్లో ఉంటుంది. క్లౌడ్‌ఫ్లేర్ 2018లో ఇంకో దారి పట్టింది. హోల్‌సేల్ ధరకే అమ్ముతామంది, రెన్యువల్ కూడా అంతే. అక్కడ కొంటే వాళ్ళ నేమ్ సర్వర్లే (పేరు టైప్ చేస్తే సైట్ ఎక్కడుందో చెప్పే సర్వర్లు) వాడాలి, ఆ సంగతి తెలిసి వెళ్ళాలి.

2. ఐదేళ్ళ లెక్క వేయండి

కాగితం మీద రెండు గళ్ళు గీయండి. ఒక చోట మొదటి ఏడు 199, రెన్యువల్ 1,599 అనుకుందాం. ఇంకో చోట ఏ ఏడైనా 1,099. మొదటి చోట ఐదేళ్ళకు 199, ఆపైన నాలుగు 1,599లు కలిపి 6,595. జీఎస్టీతో 7,782. రెండో చోట 5,495, జీఎస్టీతో 6,484. మొదటి రోజు 900 మిగిలిందనుకున్న చోటే ఐదేళ్ళకు 1,300 దాకా ఎక్కువ కట్టాం. పది డొమైన్లు ఉన్నవాళ్ళకు ఇది తడిసి మోపెడవుతుంది.

రెన్యువల్ ధర ఎక్కడ ఉంటుందో తెలియకపోతే ఆ కంపెనీ సైట్‌లో "ప్రైసింగ్" పేజీ తెరవండి. పేరు ఎదురుగా రిజిస్ట్రేషన్, రెన్యువల్, ట్రాన్స్‌ఫర్ అని మూడు అంకెలుంటాయి. నేను రెండోదే ముందు చదువుతాను. రెన్యువల్ ధర ఎక్కడా రాయని చోట నేను కొనను.

డాట్ కామ్ పెరుగుదలకు హద్దు ఉంది. ఆరేళ్ళ ఒప్పందంలో మొదటి రెండేళ్ళు పెంచకూడదు, చివరి నాలుగేళ్ళు ఏడాదికి 7 శాతం దాకా పెంచుకోవచ్చు. పెంచే ముందు ఆరు నెలలు చెప్పాలి. అలాంటి ప్రకటన వచ్చినప్పుడు, ఉంచుకుందామనుకున్న పేరును పాత ధరకే నాలుగైదేళ్ళకు రెన్యూ చేసుకోండి. మొత్తం మీద పదేళ్ళకు మించి కుదరదు.

డాట్ ఎక్స్‌వైజెడ్, డాట్ ఆన్‌లైన్, డాట్ షాప్ లాంటి కొత్త పేర్లకు ఆ హద్దు లేదు. డాట్ ఆర్గ్‌కి ఉన్న హద్దునూ ఐకాన్ 2019లో తీసేసింది. అందుకే మొదటి ఏడు డాలరు లోపు దొరికే పేరు రెండో ఏడు ఎన్నో రెట్లు అడగొచ్చు. వాటిలో "ప్రీమియం" అని గుర్తు ఉన్న పేర్లు మరీ జాగ్రత్త, కొన్నిటికి రెన్యువల్ కూడా ప్రీమియం ధరే. ఇక ఉచితం సంగతి. డాట్ టీకే, డాట్ ఎంఎల్ పేర్లు ఊరికే ఇచ్చిన ఫ్రీనామ్ 2024లో ఆ వ్యాపారం నుంచే తప్పుకుంది. కాలేజీ ప్రాజెక్టులు వాటి మీద పెట్టుకున్న పిల్లలు ఎంతోమంది. డబ్బు కట్టని పేరు మీద వ్యాపారం నిలబెట్టకండి.

3. కార్ట్‌లో ఆగి ప్రతి గీతా చదవండి

పేరు ఎంచుకుని "కంటిన్యూ" నొక్కాక వచ్చే తెరను నిదానంగా చూడండి. పైన డొమైన్ 199 అని ఉంటుంది. పక్కన చిన్న బాణం గుర్తులో "3 ఇయర్స్" అని ముందే ఎంచి ఉండొచ్చు. 199 మొదటి ఏటికే, మిగతా రెండేళ్ళూ పూర్తి ధర. దాని కింద ప్రైవసీ ప్రొటెక్షన్ (మీ పేరు, చిరునామా బయటికి కనపడకుండా దాచేది), దాని కింద ఈమెయిల్ "ఫ్రీ ట్రయల్", ఆ కింద ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ (బ్రౌజర్ సైట్‌ను సురక్షితమని గుర్తించడానికి కావాల్సింది), ఇంకా కింద సైట్ బిల్డర్. కొన్నిటికి టిక్ ముందే పెట్టి ఉంటుంది. ట్రయల్ అయ్యాక కార్డు మీద పడుతుంది. చివర్లో జీఎస్టీ.

ప్రైవసీకి విడిగా డబ్బు కట్టే అవసరం చాలావరకు లేదు. 2018 మేలో యూరప్ డేటా చట్టం అమల్లోకి వచ్చాక డాట్ కామ్ రికార్డుల్లో వ్యక్తుల వివరాలు మామూలుగానే కప్పేస్తున్నారు. చాలామంది రిజిస్ట్రార్లు ప్రైవసీ ఉచితంగానే ఇస్తారు. డాట్ ఇన్‌కి ఇలా వివరాలు దాచే సేవను అసలు అనుమతించరు, కాబట్టి డాట్ ఇన్ కొంటూ దానికి డబ్బు అడిగితే తీసేయండి. ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తుంది, చాలా హోస్టింగ్‌లలో ఒక్క నొక్కుతో వస్తుంది.

4. అమ్మేవాడి వెనక ఎవరున్నారో చూడండి

రీసెల్లర్ దగ్గర కొనొద్దని నేను అనను. తెలుగులో మాట్లాడి, రాత్రి పదింటికి ఫోన్ ఎత్తి, డీఎన్ఎస్ (పేరును సైట్ ఉన్న సర్వర్‌కి కలిపే అమరిక) సరిచేసి పెట్టే మనిషి విలువ నాకు తెలుసు. కానీ అతని వెనక ఏ రిజిస్ట్రార్ ఉన్నాడో కొనకముందే అడగండి. అడిగితే చెప్పాల్సిన బాధ్యత అతనికి ఉంది, ఐకాన్ ఒప్పందంలోనే ఆ మాట ఉంది. కొన్నాక లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్‌లో పేరు టైప్ చేస్తే రిజిస్ట్రార్ పేరు వస్తుంది. రీసెల్లర్ ఎప్పుడైనా మాయమైతే మీరు తలుపు తట్టాల్సింది ఆ రిజిస్ట్రార్‌దే.

రిజిస్ట్రార్ కూడా మునగొచ్చు. 2007లో అమెరికాలో రిజిస్టర్‌ఫ్లై అనే చవక రిజిస్ట్రార్ గందరగోళంలో పడింది. డబ్బు కట్టినా రెన్యువల్ కాలేదని జనం గగ్గోలు పెట్టారు. ఐకాన్ దాని గుర్తింపు రద్దు చేసి, అందులోని పేర్లను గోడాడీకి అప్పగించింది. రిజిస్ట్రార్లు తమ కస్టమర్ల వివరాలను మూడో పక్షం దగ్గర భద్రంగా దాచాలన్న నియమం ఆ దెబ్బతోనే గట్టిపడింది. కానీ అక్కడ దాచేది రికార్డులో ఉన్న పేరును. రికార్డులో మీ పేరు లేకపోతే ఆ భద్రత మీకు అక్కరకు రాదు. అందుకే ఐదో మెట్టు అన్నిటికంటే ముఖ్యమైనది.

5. పేరు మీది, ఈమెయిల్ మీది

రిజిస్ట్రెంట్ (డొమైన్ ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి) అన్న గడిలో మీ పేరు లేదా మీ సంస్థ పేరు ఉండాలి. ఈమెయిల్ మీరు రోజూ తెరిచేది కావాలి. ఆ డొమైన్ మీదే ఉన్న ఈమెయిల్ ఇవ్వకండి, గడువు దాటి డొమైన్ ఆగిన రోజున ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది. "అన్నా, నా వివరాలు పెట్టేస్తాను, మీకెందుకు టెన్షన్" అని డిజైనర్ అన్నా ఒప్పుకోకండి. అతను మంచివాడే కావచ్చు. పిన్ని సైట్ చేసిన కుర్రాడూ మంచివాడే.

కొన్న వెంటనే ఈమెయిల్ ధ్రువీకరించమని ఒక మెయిల్ వస్తుంది. 15 రోజుల్లో ఆ లింక్ నొక్కకపోతే డొమైన్‌ను ఆపేస్తారు. సైట్ కొత్తగా పెట్టి రెండు వారాలకు "పోయింది" అని ఫోన్ చేసేవాళ్ళకు నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి.

6. డబ్బు కట్టాక సరైన తేదీ చూడండి

రీసెల్లర్లు రిజిస్ట్రార్ దగ్గర ముందే డబ్బు వేసి ఉంచుతారు. మీ డొమైన్ రెన్యూ అయినప్పుడు ఆ వాలెట్‌లోంచి కోత పడుతుంది. వాలెట్ ఖాళీ అయితే మీరు కట్టిన డబ్బు అతని బ్యాంకు ఖాతాలోనే ఉండిపోతుంది, డొమైన్ రెన్యూ కాదు. ధరల పోటీలో చాలా తక్కువ లాభంతో నడిపే చిన్న రీసెల్లర్లకు చేతిలో ఆడే డబ్బు తక్కువ. ఈ ఇబ్బంది అక్కడినుంచే వస్తుంది.

కాబట్టి డబ్బు కట్టిన మర్నాడే లుకప్ చేయండి. నేను పొరబడింది ఇక్కడే. డాట్ కామ్ గడువు దాటిన రోజున రిజిస్ట్రీ దానంతట అదే ఒక ఏడాది పొడిగించి పెడుతుంది. 45 రోజుల్లోపు రిజిస్ట్రార్ ఆ పేరు తీసేస్తే ఆ డబ్బు అతనికి వెనక్కి వస్తుంది. కనుక ఎవరూ డబ్బు కట్టకపోయినా "రిజిస్ట్రీ ఎక్స్‌పైరీ డేట్" అన్నచోట వచ్చే ఏడాది కనిపిస్తుంది. చూడాల్సింది "రిజిస్ట్రార్ రిజిస్ట్రేషన్ ఎక్స్‌పిరేషన్ డేట్" అన్న గీత. స్టేటస్‌లో "ఆటో రెన్యూ పీరియడ్" అని ఉంటే గడువు దాటిందని అర్థం, డబ్బు చేరిందో లేదో వెంటనే తేల్చుకోండి. గడువు రాకముందే కడితే ఈ గజిబిజి ఉండదు, కట్టిన రోజే తేదీ ఏడాది ముందుకు జరుగుతుంది.

విదేశీ రిజిస్ట్రార్ దగ్గర మన కార్డుతో ఆటో రెన్యువల్ పెట్టి నిశ్చింతగా ఉండకండి. 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం మళ్ళీ మళ్ళీ పడే చెల్లింపులకు ముందుగా ఇ-మాండేట్ (కార్డు నుంచి తీసుకోవడానికి మనమిచ్చే అనుమతి) నమోదు కావాలి. బయటి దేశాల సైట్లలో అది చాలాసార్లు కుదరదు, చెల్లింపు తిరిగొస్తుంది. గడువుకు నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని చేత్తో కట్టడమే మేలు.

7. చవక ఏడాది వాడుకుని మారడం

ఇది పూర్తిగా సక్రమమైన పని. 199కి ఒకచోట కొని, ఏడాది అయ్యేలోపు 1,099 ఉన్నచోటికి ట్రాన్స్‌ఫర్ చేస్తే, ఆ డబ్బుకి ఇంకో ఏడాది కూడా కలుస్తుంది. రెండేళ్ళకు 1,298, ఆపైన జీఎస్టీ. పోటీ వల్ల మనలాంటివాళ్ళకు దొరికే నిజమైన లాభం ఇదే.

కొన్న 60 రోజుల వరకు కదలదు. ఆ తర్వాత ఖాతాలో ట్రాన్స్‌ఫర్ లాక్ తీయండి, లుకప్‌లో "క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్" అన్న గుర్తు పోవాలి. ఆథ్ కోడ్ (డొమైన్ మార్చడానికి కావాల్సిన రహస్య కోడ్) తీసుకోండి. అడిగిన ఐదు రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే డాట్ కామ్ విషయంలో ఐకాన్‌కి, డాట్ ఇన్ అయితే నిక్సీకి ఫిర్యాదు చేయవచ్చు. కొత్త చోట ఆ కోడ్ ఇచ్చి డబ్బు కడితే ఐదారు రోజుల్లో మారుతుంది. సైట్ ఆగదు, నేమ్ సర్వర్లు అలాగే ఉంటాయి. పాత రిజిస్ట్రార్ ఉచితంగా ఇచ్చిన డీఎన్ఎస్ వాడుతుంటే మాత్రం ఆ రికార్డులు ముందే కొత్తచోట రాసుకుని, నేమ్ సర్వర్లు మార్చుకున్నాకే కదలండి.

రెండు జాగ్రత్తలు. మారే ముందు రిజిస్ట్రెంట్ పేరు, ఈమెయిల్ ముట్టుకోకండి, చాలాచోట్ల దానివల్ల ఇంకో 60 రోజుల లాక్ పడుతుంది. మారాక మార్చుకోండి. ఇక గడువు దాటాక రెన్యూ చేసి, 45 రోజుల్లోపే ట్రాన్స్‌ఫర్ చేస్తే ఆ రెన్యువల్ ఏడాది పోతుంది. అందుకే పిన్ని డొమైన్‌ను జూలై దాకా ఆగి మార్చాం. వీలైతే గడువుకు నెల ముందే మొదలుపెట్టండి.

8. గడువు దాటిపోతే

కంగారు పడకండి, పేరు ఆ రోజే పోదు. గడువు దాటాక కొన్నాళ్ళు, గరిష్ఠంగా 45 రోజుల దాకా, మామూలు ధరకే రెన్యూ చేసుకునే వీలుంటుంది. ఎన్ని రోజులన్నది రిజిస్ట్రార్‌ని బట్టి మారుతుంది. తర్వాత 30 రోజుల రిడంప్షన్. అప్పుడు పేరు దక్కుతుంది గానీ జరిమానా వేలల్లో ఉంటుంది. ఆఖర్న 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు, తర్వాత ఎవరైనా కొనుక్కోవచ్చు. మంచి పేర్లను ఈ వరుస పూర్తి కాకముందే రిజిస్ట్రార్లు వేలానికి పెట్టడమూ మామూలే. కొనేటప్పుడే రిడంప్షన్ రుసుము ఎంతో చూసుకోండి, 199 ఆఫర్ ఇచ్చే చోట అది ఎంతుందో చూస్తే ఆ కంపెనీ తీరు తెలుస్తుంది.

9. మీరే రీసెల్లర్ అయితే

మన డిజైనర్ తమ్ముళ్ళకు ఒక మాట. డొమైన్ ధరలో పెద్ద కంపెనీలతో పోటీ పడకండి, వాళ్ళు ఒక్కో పేరు మీద వందల రూపాయల నష్టం మోయగలరు, మీరు మోయలేరు. డొమైన్‌ను అసలు ధరకు దగ్గరగా ఇచ్చి, మీ పనికి విడిగా ఏడాది రుసుము తీసుకోండి. డీఎన్ఎస్, ఈమెయిల్ అమరిక, గుర్తుచేయడం, ఫోన్ ఎత్తడం, ఇవన్నీ పనే. బిల్లులో రెండు గీతలు వేరుగా రాయండి. కస్టమర్‌కి తను దేనికి కడుతున్నాడో తెలిస్తే 99 ఆఫర్ చూసి మిమ్మల్ని దొంగ అనుకోడు.

రెన్యువల్ డబ్బు అందిన రోజే వాలెట్‌లో వేసి రెన్యూ చేయండి, దాన్ని ఇంకో ఖర్చుకి తిప్పకండి. వచ్చే రెండు నెలల్లో గడువు ఉన్న పేర్లన్నీ ఒక షీట్‌లో రాసి, దానికి సరిపడా బ్యాలెన్స్ ఉంచండి. ఊరెళ్తుంటే ఇంకొకరికి లాగిన్ అప్పగించండి. ప్రతి డొమైన్‌లో కస్టమర్ పేరు, కస్టమర్ ఈమెయిలే ఉండాలి. వెళ్ళిపోతానన్నవాళ్ళకు ఆథ్ కోడ్ అదే రోజు ఇచ్చేయండి. సైట్ పని తాలూకు బాకీ ఉంటే దాన్ని విడిగా అడగండి, దానికోసం డొమైన్‌ను పట్టుకోకండి. ఆ పేరు మీద అవతలివాళ్ళ బతుకుదెరువు ఉంటుంది.